గోరువెచ్చని చుక్క

మా మామగారు మొన్న మంగళవారం పొద్దున్న కన్నుమూశారు. బిలాస్‌పూర్ తెలుగువాళ్ళకి ఆయన పశువుల డాక్టరుగారు. నేను ఆయన కోడలిని. అయిదో తరగతి దాకా చదివాను. మామగారి ఎదుట కోడలు మాట్లాడడం మా ఇంట్లో ఆచారం కాదు. అందుకని మొదట్లో ఆయన్ని తలుపు చాటునుంచే తెలుసుకున్నాను.

ఉద్యోగం విరమించాక కూడా రైతులు తార్‌బహార్‌లోని మా ఇంటికి ఆంబోతుల్ని తోలుకొచ్చేవారు. ఆయన గాజుపలకను ముందు చెంపకు ఆనించుకుని, చల్లగా లేదనుకున్నాకే దాని మీద బీజం చుక్క వేసేవారు. మైక్రోస్కోపులో చూసి, ఆ ఆంబోతు వల్ల ఆవులు చూలు కడతాయో లేదో చెప్పేవారు. "ఒళ్ళు చూసి మురిసిపోకండి, చుక్కలో కదలిక చూడండి" అనేవారు.

ఒక మాఘమాసంలో మస్తూరీ అనే ఊరి రైతు ఒకాయన బక్క కోడెను తెచ్చాడు. అతను దాన్ని దూడనుంచి పెంచుకున్నాడు. ఇదేం ఆంబోతని ఊరంతా నవ్విందట. డాక్టరుగారు కాదంటే విత్తులు కొట్టించి నాగలికి కట్టడమే.

పెరట్లో పట్టిన బీజాన్ని, ఆయన దగ్గర పనిచేసిన పాత జవాను గాజుగొట్టంలో లోపలికి తెచ్చాడు. మామగారు చాలాసేపు చూశారు.

"ఒక్కటీ కదలదేటి?"

రైతు అక్కడే కూలబడ్డాడు. మామగారు గొట్టం ముట్టుకుని చూశారు. "ఇంత చల్లగా ఉందేటిరా? ఎలా తెచ్చేవు?"

"ఇంట్లో ఆడాళ్ళున్నారు కదా బాబూ. కంటబడకూడదని తడిగుడ్డలో చుట్టి దాచీసేను."

"ఓరి నీ సిగ్గు మండ! వాటిని చలికి చంపీసేవురా!" అని పకపకా నవ్వారు. తరవాత తలుపు వైపు తిరిగి, "కోడలమ్మా! పాలు తోడెట్టేటంత వెచ్చగా, చెంబుడు నీళ్ళు పట్రా" అన్నారు.

రెండోసారి బీజం పట్టి, గొట్టాన్ని ఆ చెంబులోనే ఉంచి, దాపరికం లేకుండా నట్టింట్లోంచి తెచ్చారు. మామగారు చూశారు. లేచి నాకు కుర్చీ చూపించారు.

"నువ్వు చూడమ్మా. నీళ్ళు కాచినదానివి నువ్వే కదా."

అత్తగారు బుగ్గన చెయ్యేసుకున్నారు. నేను వంగి చూశాను. కొత్తనీటిలో చేపపిల్లల్లా ఒకటే పరుగులు.

"ఏటి కనిపిస్తంది? గట్టిగా చెప్పు, అతనికీ వినబడాలి."

"కదుల్తున్నాయి మావయ్యా!"

ఆయన ఎదుట నేను పలికిన మొదటి మాట అదే. "అచ్ఛా? సచ్చీ, బేటీ?" అంటూ రైతు పెరట్లోకి పరిగెత్తి కోడె మెడ కావిలించుకున్నాడు.

"చుక్క ఆశ చూపిస్తుందంతే. మాట నిలబెట్టవలసింది దూడలే" అన్నారు మామగారు.

నిలబెట్టాయి. మరుసటేడు మస్తూరీలో నవ్విన వాళ్ళ కొట్టాల్లోనే ఆ కోడె దూడలు పుట్టాయి. ఆనాటినుంచి ప్రతి చుక్కా ముందు ఆయన చూసేవారు, తరవాత నన్ను పిలిచేవారు.

మామగారు పోయిన మూడో రోజున ఆ రైతు వచ్చాడు. వెంట ఆ కోడె సంతతి దూడలు రెండు. ఇంటినిండా మగవాళ్ళు. స్టేషను వైపునుంచి కూత వినబడగానే దూడలు పలుపులు విడిపించుకుని, తోకలెత్తి వీధి పొడుగునా గెంతులేశాయి. నేను తలుపు చాటున లేను. గుమ్మంలోకి వచ్చి, ఆయన ఖాళీ కుర్చీ వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాను:

"కదుల్తున్నాయి మావయ్యా."