రాజుల కాలం పంటి వైద్యం

పన్ను నొప్పంటే ఇప్పటి పిల్లలకు చల్లటి గది, మెత్తటి కుర్చీ, మత్తుసూది. మేము ఉద్యోగాల్లో కొత్తగా చేరిన రోజుల్లో మటుకు ఎమ్మిగనూరులో సగంమంది పళ్ళు లవంగం మీదా, దేవుడి మీదా ఆధారపడి నిలబడేవి. నేనైతే రెండింటి మీదా భారం వేసి తిరుగుతాంటి. అప్పుడే ఒక ప్రైవేటు బడిలో సోషలు సారుగా చేరినాను. ఆదోని దారిలో మోపెడ్ మీంచి పడి, పైవరసలో పక్కపన్ను వదులై, గాలి తగిలినా ప్రాణం జివ్వుమంటాండె. డాక్టరు దగ్గరికి పొమ్మని అమ్మ రోజూ పోరేది. "తగ్గిందిలేమ్మా" అని జొన్నరొట్టెను పాలల్లో నానబెట్టుకుని మింగేవాణ్ణి. (పడినానని బడిలో ఎవరికీ చెప్పలేదు. పిల్లకాయలు పేరు పెడతారని భయం.)

సరిగ్గా అప్పుడే మా పెద్దసారుకు బడి పండగ కోసం ఒక ఆలోచన తట్టింది. "రాజుల కాలంలో పళ్ళకు వైద్యం ఎట్ల చేసేవాళ్ళో నాటకం ఆడాల. చూసినోళ్ళు రేపటినుంచి పళ్ళు బాగా తోముకోవాల" అన్నాడు. పన్నులో పురుగుందని వాకుడు గింజల పొగ పట్టించడం, అది కుదరకుంటే మంగలి వచ్చి పన్ను పీకడం, రోగి కేకలు వినపడకుండా పక్కన డప్పు కొట్టడం, అన్నీ నేనే వెతికి రాసిచ్చినాను. (డప్పు సంగతి ఏ దేశానిదో గానీ పెద్దసారుకు అదే బాగా నచ్చింది.) రోగి వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే రాసినోడి నెత్తినే పడింది. వైద్యుడు మా డ్రాయింగు సారు. ఆదోని మనిషి, ఉర్దూ కలిపి మాట్లాడతాడు, ఏ పనిలో దిగినా ఒళ్ళు మరిచిపోతాడు. సుద్దముక్కను పన్ను మాదిరి చెక్కి, దారం కట్టి, నన్ను బుగ్గలో పెట్టుకోమన్నాడు. డప్పు జోరందుకున్నాక ఆయన దారం లాగితే సుద్దపన్ను బయటికొస్తాది. అంతే పని.

ఆ రోజు బడి మైదానం కిక్కిరిసిపోయింది. పొగ పెట్టినారు. నాకు నిజంగానే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆ దగ్గులో దారం ఎట్ల తిరిగిందో, పోయి పోయి నా వదులు పన్నుకే మెలేసుకుంది. సారు లాగినాడు. రాలేదు. ఇంకొంచెం లాగినాడు. నాకు చుక్కలు కనపడినాయి. "వదులు సారూ, అది నిజం పన్ను" అని నేను మొత్తుకుంటాండాను గానీ, నోట్లో సుద్దముక్కతో బయటికొచ్చేది "ఆగ్గాగా" అని మాత్రమే. "శభాష్ భాయ్, అట్లే ఏడువు" అని ఆయన చెవిలో మెచ్చుకున్నాడు. డప్పాయన ఇంకా రెచ్చిపోయినాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి నిలబడి, "మోకాలు ఆనించి గుంజు నాయనా, పిల్లోడు అల్లాడిపోతాండాడు" అనింది. సారు పెద్దల మాట కాదనే మనిషి కాదు. నా ఎదమీద మోకాలు పెట్టి ఒక్క గుంజు గుంజినాడు. ముందు నా పన్ను, దాని వెనకే సుద్దపన్ను గాల్లోకి లేచినాయి. ఒకటే ఈలలు, కేకలు. "ఒకటి పీకమంటే రెండు పీకినాడే" అని ముసలమ్మ నొచ్చుకుంది.

నెత్తురంటిన పన్ను చూసి సారు తెల్లబోయినాడు.

"యా అల్లా, ఇది యాడిదప్పా?"

"నాదే సార్."

ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నాకు మటుకు అన్నాళ్ళ పోటు ఒక్కసారిగా పోయి, ఒళ్ళంతా దూదిపింజ అయిపోయి, నవ్వు ఆగలేదు. నోట్లో తుండుగుడ్డ కుక్కుకుని జనానికి దండం పెట్టినాను. మైదానం మైదానమంతా లేచి చప్పట్లు కొట్టింది. పెద్దసారు పరుగెత్తుకొచ్చి, "నటనంటే ఇదప్పా. వచ్చేవారం ఆదోనిలో గూడా ఆడాల" అని కావిలించుకున్నాడు.

ఆదోనిలో ఆడినాము. ఈసారి అంతా జాగ్రత్తగా, సుద్దపన్ను తప్ప ఏదీ కదలకుండా ఆడినాము. ఒక్కడు కూడా చప్పట్లు కొట్టలేదు.

ఇప్పుడు నా పళ్ళు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకుంటాండాయి. డాక్టరమ్మ నొప్పి తెలియకుండా తీసి, "అయిపోయిందండీ" అంటుంది. మంచి కాలమే, కాదనను. అయినా ఆ కుర్చీ దిగి నిశ్శబ్దంగా బయటికి నడిచొస్తాంటే, నెత్తురోడుతూ దండం పెట్టిన ఆ పిచ్చి పిల్లోడు గుర్తొచ్చి, దూది కరుచుకున్న నోటితోనే నవ్వుకుంటాను.