మామ ట్రాక్టర్‌కు నేనేసిన గట్టి పిన్ను

నవ్వకుండ్రి రా భయ్! నా చేతులకు గీ బొబ్బలు ఎందుకొచ్చినయో చెప్త. ముందు చాయ్ చెప్పుండ్రి. కూసోను, నిలబడే తాగుత. నడుం వంగుతలేదు!

మా మామది మోమిన్‌పేట్ కదా. పోయినేడు ట్రాక్టర్ కొన్నడు, దానెన్క తగిలిచ్చే రోటవేటర్ సుత కొన్నడు. ఇంజను కాడికెళ్లి ఒక షాఫ్టు పోయి ఎన్క కత్తులను గిర్రున తిప్పుతది. మన్ను పిండి పిండి అయితది! నాకు ఎడ్లు లేక కాదు గని, మా ఊర్ల ట్రాక్టర్ తోని దున్నినోడు నేనే మొదలు కావాలెనని షోకు. అడగంగనే మామ, "తీస్కపో అల్లుడా. మృగశిర కార్తె రాకముందే తెచ్చియ్యి, నేను జొన్న ఏసుకోవాలె" అన్నడు. పాపం, ట్రాక్టర్ వచ్చిందని ఆయన ఎడ్లను అమ్మేసుకున్నడు. ఇగ ఆయన సాగంత దాని మీదనే.

పోంగ పోంగ నా చేతుల గుప్పెడు పిన్నులు పెట్టిండు. షాఫ్టుకు, కత్తులకు నడుమ గీ మెత్తటి పిన్ను ఉంటది. కత్తికి రాయి తగిలితే పిన్ను తెగుతది, షాఫ్టు బతుకుతది. "తెగనియ్యి అల్లుడా, అది తెగేటందుకే ఉన్నది. ఇంకోటి ఎయ్యి, అంతే" అని మల్ల మల్ల చెప్పిండు. నేను తల ఊపిన. తల ఊపుడుల నన్ను మించినోడు లేడు!

మన తాండూరు భూములు తెలుసు కదా. పైన జానెడు మన్ను, కింద పలకరాయి. ఊరంత గట్టు మీద నిలబడి చూస్తున్నది. గేరేసిన... టప్! పిన్ను తెగింది. కొత్తది ఏసి జరంత దూరం పోయిన... మల్ల టప్! గట్టు మీదికెళ్లి మా పెద్దవ్వ, "ఏం రా నర్సిములూ, నీ ట్రాక్టర్ మల్ల పండుకున్నదా? ఎడ్లను కట్టి గుంజియ్యాల్నా?" అన్నది. అందరు పక్కున నవ్విండ్రు. నాకు ఒళ్లు మండింది. పొద్దు గూకేవరకు పిన్నులన్ని ఖతం!

ఇగ జూడుండ్రి నా తెలివి. మన తాండూరోళ్లకు ఒక్కటే లెక్క. తెగింది కచ్చా సరుకు, తెగంది పక్కా సరుకు. రాళ్ల గనులకు ఉలులు చేసే బసప్ప ఉన్నడు కదా, ఆయన కొలిమి కాడికి ఉరికిన. "బసప్పా, రాయిని పలగ్గొట్టే ఉక్కుతోని పిన్ను చేసియ్యి" అన్న. ఆయన పాత ఉలి ముక్కను కాల్చి, కొట్టి, నీళ్లల్ల సుర్రుమని ముంచి ఇచ్చిండు. "అణ్ణా, ఇదు మురియోదిల్ల!" అన్నడు. కన్నడంల విరగదే విరగదంట! ఇద్దరం ఖుషీ.

తెల్లారి చేన్ల దిగిన. కత్తులు రాళ్లకు తగిలి నిప్పులు లేస్తున్నయి, పిన్ను మాత్రం చెక్కుచెదరలే! "జూడు పెద్దవ్వా!" అని ఒర్రిన. ఆమె నోరెళ్లబెట్టింది. మస్తు సంబురమైంది నాకు, గేరు పెంచిన. గప్పుడు తగిలింది, మంచమంత పలక! ధన్‌మన్నది. ట్రాక్టర్ ఎగిరిపడి ఇంజను ఆగిపోయింది. దిగి చూద్దును గదా, షాఫ్టు సకినం లెక్క మెలిపడ్డది! గేర్‌బాక్స్ పగిలి నూనె బొటబొట కారుతున్నది. పెద్దవ్వ దగ్గరికొచ్చి, ఒంగి చూసి, "పిన్ను మాత్రం మంచిగున్నది రా" అన్నది.

కబురు పోంగనే మామ బస్సెక్కి, రైలెక్కి వచ్చిండు. మనకాడ అల్లున్ని తిట్టొద్దు కదా. ఆయన కండువ తీస్తడు, దులుపుతడు, మల్ల ఏసుకుంటడు. ఆఖరికి, "కొత్త షాఫ్టు బొంబాయికెళ్లి రావాలె. అది వచ్చేదాక కార్తె ఆగదు అల్లుడా" అన్నడు. నా పాణం సచ్చినట్టయింది. ఈ ఏడు ఆయన చేను బీడు పడితే ఇంటిల్లిపాది ఏం తింటరు?

"ఫికర్ జెయ్యకు మామా, నా ఎడ్లున్నయి, నేనున్న. నీ చేను నేను దున్నుత" అన్న. అన్నంక ఎన్కకు తీసుకునేటట్టు లేదు కదా!

గప్పటిసంది నిన్నటిదాక నా ఎడ్లతోని మోమిన్‌పేట్‌లనే ఉన్న. అల్లుడొస్తే కోడిని కోస్తరు, నాకు నాగలిచ్చిండ్రు! కార్తె వచ్చింది, వాన పడ్డది, జొన్న ఏసుడు మొదలైంది. నిన్న ఆఖరి సాలు కొడుతుంటె, తొవ్వెంట పోయేటి ఒక పెద్దమనిషి మామను అడిగిండు, "ఏమయ్యా, నీ ట్రాక్టర్ ఇంక బాగు కాలేదా?"

మామ నన్ను చూపిచ్చి, "గదో, చేన్ల నడుస్తలేదా! డీజిల్ సుత అక్కెరలేదు దానికి. రెండు జొన్నరొట్టెలు ఏస్తే పొద్దందాక నడుస్తది" అన్నడు.