షోకుల్లేని పిల్ల

కొత్త నవారు చుట్టను ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చినూలు వాసన, దానికి పట్టించిన గంజి వాసన, గోనెసంచిలో మగ్గిన దుమ్ము వాసన, మూడూ కలిసి వస్తాయి. ఎవరేమనుకున్నా సరే, నాకు అది మల్లెపూల కంటే ఎక్కువ. బోయిన్‌పల్లిలోని మా షెడ్డులో, నా బల్ల సొరుగులో ఒక చుట్ట ఎప్పుడూ ఉంటుంది. మొన్న సాయంత్రం దాన్ని తీసి వాసన చూస్తుంటే, పదో తరగతి చదివే మా అమ్మాయి స్కూలు నుంచి నేరుగా అక్కడికే వచ్చి ఫోను నా ముందు పెట్టింది. నీ స్వభావం ఎలాంటిది, నీకు వేటి మీద ఆసక్తి, జీవితంలో దేనికి విలువిస్తావు అని అందులో వరసగా ప్రశ్నలు. అన్నిటికీ జవాబులు నొక్కితే నువ్వు ఏ చదువుకు, ఏ ఉద్యోగానికి పనికొస్తావో అదే చెబుతుందట.

"మమ్మీ, నా పార్ట్ అయిపోయింది. లాస్ట్‌ది పేరెంట్ రాయాలంట. నాకు దేంట్లో ఇంట్రెస్టో నువ్వు రాయి" అంది.

నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు, ఆ ప్రశ్న మీద. దానితో నాకు పాత పగ ఉంది.

మా నాయినకు మోండా మార్కెట్‌లో నవారు దుకాణం ఉండేది. దుకాణం అనగానే పెద్దగా ఊహించుకోవద్దు, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి బయట నిలబడాల్సిందే. ఒక పక్క నుంచి కొత్తిమీర, పుదీనా కట్టల తడి వాసన, ఇంకో పక్క నుంచి ఎండుమిర్చి ఘాటు, మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా మంచాలకు అల్లే తెల్లటి నవారు పట్టీల చుట్టలు, కొబ్బరి తాళ్లు, చాటలు, చీపుర్లు. సెలవుల్లో నేను ఆ చుట్టల మీదెక్కి కూర్చునేదాన్ని. నాయిన వచ్చినవాళ్లతో వాళ్లకు వచ్చిన భాషలోనే మాట్లాడేవాడు. ఉర్దూ అయితే ఆయన నోట్లో తేనె కారేది. కానీ ఆ ఉర్దూ దుకాణంలోనే ఉండిపోయేది, ఇంటికి వచ్చేది కాదు. ఇంట్లో రాజ్యం మా నానమ్మది. ఆమెది మెదక్ వైపు పల్లె, సికింద్రాబాద్‌కు కాపురానికి వచ్చి ముసలిదైనా ఆమె మాట మాత్రం ఊరు దాటలేదు.

మారేడ్‌పల్లిలో మాది వరస ఇళ్ల గల్లీ. ఎండాకాలం పొద్దు వాలగానే వాకిట్లో నీళ్లు చల్లి, ఆ వేడి మట్టి బుసబుసలాడి చల్లబడేలోగా ప్రతి ఇంటి ముందూ నవారు మంచాలు వేసేవాళ్లు. పచ్చీసు గవ్వలు, మామిడికాయ తొక్కు కలిపిన అన్నాలు, ఆడపిల్లల జడలు, మగవాళ్ల రాజకీయాలు, అలిగినవాళ్ల ఏడుపులు అన్నీ ఆ మంచాల మీదే. అంతమందిని మోసి మోసి నవారు సాగి, పడుకున్న మనిషి నడుము నేలకు తగిలేది. అప్పుడు బిగించాలి. చివరి ముడి విప్పి, మంచం పట్టెకు కాలు తన్నిపెట్టి ఒక్కొక్క పట్టీ లాగుతూ, దీని వదులును పక్కదానిలోకి, పక్కదాని వదులును ఆ పక్కదానిలోకి తోసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. వదులు మంచం కనిపిస్తే నా చేతులు ఆగేవి కావు, అంతే. ముడి వేసి నడిమధ్యన అరచేత్తో కొడితే మంచం డప్పులా మోగాలి. మోగకపోతే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేదాన్ని, అమ్మ అన్నానికి పిలిచి పిలిచి తిట్టుకుంటూ లోపలికి పోయేది.

ఆషాఢంలో బోనాలు వస్తే నా గిరాకీ చూడాలి. ప్రతి ఇంటికీ చుట్టాలు, అటక మీది మంచాలన్నీ కిందికి. గల్లీలో పసుపునీళ్లు, వేపాకులు, ఎక్కడో పోతరాజు కొరడా చప్పుడు, అన్ని వంటిళ్లలోనూ ఒకేసారి వేగుతున్న మసాలా. "జెర మా మంచం సుత చూడు బిడ్డా" అని పిలిచేవాళ్లు. నేను పోయి బిగించి, నువ్వులూ పల్లీలూ దట్టంగా పడ్డ సర్వపిండి ముక్క తినుకుంటూ వచ్చేదాన్ని. నానమ్మ మాత్రం తన మంచం మీద ముందు మోచేయి ఆనించి నొక్కి చూసి, అప్పుడు పడుకునేది. బాగుందని ఒక్కనాడూ అనలేదు. నిద్రపోయేది, అదే ఆమె మెచ్చుకోలు.

నానమ్మకు పౌడరు అంటే పడదు, రంగు రిబ్బన్లు అంటే పడదు, అద్దం ముందు నిలబడితే అసలు పడదు. "ఏందే, షోకు జేస్తున్నవా?" అనేది. మా ఇంట్లో అంతకు మించిన తిట్టు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పదో తరగతి చివర్లో మా స్కూలుకు మెడకు టై కట్టుకున్న ఒక సారు వచ్చి, మా భవిష్యత్తు తేల్చేస్తానని ప్రశ్నల కాగితాలు పంచాడు. కొత్తవాళ్లతో మాట్లాడటం నీకు ఇష్టమా, ఒంటరిగా పనిచేయడం ఇష్టమా, పేరు ముఖ్యమా, భద్రత ముఖ్యమా? మాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. దానికి ఒప్పు జవాబు ఉంటుంది, ఆ జవాబు ఫస్ట్ ర్యాంకు పిల్ల దగ్గర ఉంటుంది. ఆ పిల్ల ఏది టిక్కు పెడితే మేమూ అదే టిక్కు పెట్టాం. ఆ గంటలో మా వరస మొత్తానికి ఒకటే స్వభావం, ఒకటే విలువలు వచ్చేశాయి. పెద్ద వింత కాదు, లెక్కల్లోనూ అలాగే వచ్చేవి.

ఆసక్తుల భాగం మాత్రం ఇంటి పెద్దలను అడిగి సారే రాసుకుంటానన్నాడు. నాయినకు దుకాణం వదిలి రావడం కుదరక నానమ్మ వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని, కోర్టుకు వచ్చినంత బిగువుగా. ఆ సారు పట్నం మనిషి, తెలుగులో సగం ఉర్దూ.

"అమ్మా, మీ పాపకు ఏం శౌక్ ఉన్నది?" అన్నాడు. అంటే ఇష్టపడి చేసే పని ఏమిటని.

నానమ్మకు వినపడింది షోకు. ఆమె మొహం చూడాలి అప్పుడు.

"మా ఇంట్ల షోకులు జేసెటోళ్లు ఎవ్వలు లేరు సారూ. నా మనవరాలు మొకానికి పోడరు సుత రాసుకోదు."

"ఏం లేదా అమ్మా? ఒక్కటి సుత?"

"ఒక్కటి లేదు. రాసుకో."

ఆయన రాసుకున్నాడు. పక్కనే నిలబడ్డ నేను కూడా గర్వంగా తలూపాను.

ఎండలు ముదిరే వేళకు రిపోర్టు వచ్చింది. నాయిన నాతోనే చదివించాడు. స్వభావం: అణకువ, సర్దుకుపోవడం. అది ఫస్ట్ ర్యాంకు పిల్లది. విలువ: భద్రత. అదీ ఆ పిల్లదే. ఆసక్తులు: ఏవీ లేవు. సారు శౌక్ అని అడిగింది వీటినేనని అప్పుడు గానీ నాకు తెలియలేదు. తగిన దారి: కామర్స్, ఆఫీసు పని. అసలు సంగతి ఏమిటంటే, వస్తువులను బిగించడం, నిలబెట్టడం నేర్పే చదువు ఒకటి ఉందని తెలిసినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది.

"నేను పాలిటెక్నిక్ పోత. మెకానికల్ చదువుత" అన్నాను.

"ఆడపిల్ల మిషన్ల కాడ ఏం జేస్తది? సదువుకున్నాయన రాసిండు. కామర్స్ సదివి బ్యాంకుల నీడపట్టున కూసో" అన్నాడు నాయిన.

ఏడవలేదు. నాకు కోపం వస్తే ఏడుపు రాదు, పంతం వస్తుంది. ఆ సాయంత్రం నుంచి మంచాలు ముట్టుకోవడం మానేశాను. ఎవరు పిలిచినా గడప మీద చేతులు కట్టుకుని కూర్చుని, "నాకు ఏ శౌకూ లేదంట, కాయితంల రాసిండ్రు" అనేదాన్ని. వేసవి ముదిరేకొద్దీ గల్లీలో మంచాలన్నీ గుంతలు పడ్డాయి. పచ్చీసు గవ్వలన్నీ నడుమకు దొర్లి ఆట పాడయ్యేది. నాకు మాత్రం భలే తృప్తిగా ఉండేది.

చివరికి ఒక సాయంత్రం నాయిన అన్నం తింటుండగా నానమ్మ నడుము పట్టుకుని వచ్చింది.

"ఏందే పోరీ, నా మంచం గుంత లెక్క అయింది. ఏమైంది నీకు?"

"నాకు శౌక్ లేదని సారుకు నువ్వే చెప్పినవ్ కదా."

"షోకు లేకుంటే మంచిదే గదనే."

నాయినకు పొలమారింది. నీళ్లు తాగి, "అమ్మా, ఆయన అడిగింది షోకు గాదే. శౌక్ అంటే ఇష్టపడి చేసే పని" అన్నాడు.

నానమ్మ నన్ను చూసింది, తన మంచాన్ని చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"గట్లయితే సక్కగ అడగాలె గద. గీ పోరికి శౌక్ లేదా? గల్లీల మంచాలన్నీ ఎవలు బిగిచ్చిండ్రు?"

"అది వేరే అమ్మా. ఆడపిల్ల గా పని..."

"నా మంచం బిగిచ్చినప్పుడు ఆడపిల్ల గాదా? నీ మంచం బిగిచ్చినప్పుడు గాదా? గప్పుడు పండుకుంటివి గద కమ్మగ."

నాయిన కంచంలో మిగిలిన అన్నం ఊడ్చి తినేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఫారం తెచ్చుకో పో. ముందు మీ నానమ్మ మంచం బిగియ్యి" అన్నాడు.

"ముందు సంతకం" అన్నాను.

సంతకం పెట్టాకే బిగించాను. ఆ రోజు మోగినట్టు ఆ మంచం ఎప్పుడూ మోగలేదు.

ఇప్పుడు మా షెడ్డులో ఆసుపత్రి మంచాలు చేస్తాం, లేవలేనివాళ్లను మెల్లగా లేపి కూర్చోబెట్టేవి. మొదటి మంచం నానమ్మకే ఇచ్చాను. మోచేయి ఆనించి నొక్కింది, అరచేత్తో కొట్టింది, "మోగుతలేదు" అంది, నిద్రపోయింది. ఇప్పుడు ఆమె లేదు. నాయిన దుకాణం ఉన్నచోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. గల్లీలో అపార్టుమెంట్లు వచ్చాయి, నీళ్లు చల్లడానికి మట్టి లేదు, మంచం వేయడానికి వాకిలి లేదు. అవన్నీ పోయాయి గానీ, పిల్లలను ఆ ప్రశ్న అడగడం మాత్రం పోలేదు. అప్పుడు కాగితం, ఇప్పుడు ఫోను.

చేతితో రాసిన దుకాణం బోర్డు కనిపిస్తే మా అమ్మాయి బండి ఆపిస్తుంది. ఆ అక్షరాల వంపులు గాలిలో వేలితో దిద్దుకుంటూ, నేను హారన్ కొట్టినా కదలదు. ఫోనులోని జాబితా మొత్తం వెతికాను. ఆటలు ఉన్నాయి, సంగీతం ఉంది, కోడింగ్ ఉంది. బోర్డుల ముందు నిలబడిపోవడం లేదు. అట్టడుగున ఇతరములు అని ఒక ఖాళీ గడి ఉంది.

"సరిగ్గా రాయి మమ్మీ, దీన్నిబట్టే గ్రూప్ చెప్తారంట" అంది పిల్ల భయంగా.

"వాళ్లు చెప్పేది చెప్పనీ. నువ్వు వినాలని ఎక్కడా లేదు" అన్నాను. నవారు చుట్ట పక్కన పెట్టి, తెలుగులోనే టైపు చేశాను:

మా పిల్లకు షోకులున్నాయి. రాసుకోండి.