పాదం పట్టుకున్న చెయ్యి

2023 వేసవి. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. రాజమహేంద్రవరంలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నీషియన్‌ని నేను. నా పని చెబితే చుట్టాలు ‘ఫొటోలు తీసే అమ్మాయి’ అంటారు. తప్పేమీ లేదు, కాకపోతే నా ఫొటోకి నవ్వకూడదు, తుమ్మకూడదు, ఇసుమంత కూడా కదలకూడదు.

నరసాపురం వైపు నుంచి నూకరాజు గారనే జాలరి, ఆయన భార్య సత్తెమ్మ గారు వచ్చారు. ఆయనకి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మెదడులో గడ్డ ఉందేమోనని డాక్టరు గారి అనుమానం. స్కాన్ చూస్తేగానీ ఆపరేషన్ సంగతి తేలదు. నడిసముద్రంలో ఒంటరిగా పడవ నడిపిన మనిషి, ఈయనకి భయమేంటిలే అనుకున్నాను.

తలకి హెడ్ కాయిల్, అంటే బోనులాంటి చట్రం, బిగించాను. చేతిలో కాల్ బల్బ్ పెట్టాను. భయమేస్తే నొక్కడానికి ఇచ్చే రబ్బరు బుడ్డి అది. బల్ల గొట్టంలోకి వెళ్లిందో లేదో, నొక్కేశారు. రెండోసారీ అంతే. బయటికి తీసేసరికి గౌను చెమటతో తడిసి ముద్దయింది.

“ఏమైందండీ బాబాయి గారూ? గాలి ఆడలేదా?”

“గాలి ఆడిందమ్మా. అక్కడ నేను తప్ప ఇంకేం లేదు. సముద్రంలో అయితే చూడ్డానికి ఏదో ఒకటి ఉంటాది. ఇక్కడ కళ్లు మూసినా నేనే, తెరిచినా నేనే. నేనున్నానో పోయానో చెప్పేవోళ్లు లేరు.”

మత్తు ఇచ్చే డాక్టరు ఆ రోజు లేరు. మర్నాటి దాకా ఆగితే, ఈలోగా మళ్లీ ఫిట్స్ వస్తే?

“తోడుగా ఒకరు లోపల కూర్చోవచ్చండి. ఒంటిమీద లోహం మాత్రం ఏదీ ఉండకూడదు” అన్నాను. అన్నాక సత్తెమ్మ గారి మెడ వంక చూసి నాలిక్కరుచుకున్నాను.

నూకరాజు గారు గబుక్కున లేచి కూర్చున్నారు. “వొద్దు. నేనుండగా పుస్తెలు తియ్యకూడదు. నేనొక్కణ్ణే పోతాను.”

ఆవిడ వింటే కదా! మెట్టెలు తీశారు. పుస్తెలతాడు తీసి, కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టారు. “నువ్వుండాలనే తీస్తన్నాను. పడుకో.”

ఇద్దరి చెవులకీ ప్లగ్గులు పెట్టాను. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని భర్త పాదం పట్టుకున్నారు. యంత్రం మోత మొదలైంది. ఇప్పుడు నొక్కుతారు, ఇదిగో నొక్కుతారు అని అద్దానికి ఇవతల నా గదిలో తెర ముందు కాచుకుని కూర్చున్నాను. నొక్కలేదు.

తెరమీద చిత్రాలు రాసాగాయి. గడ్డ ఉంది. ఆ సంగతి అప్పటికి తెలిసింది నాకొక్కదానికే. చెప్పే అధికారం నాది కాదు, రిపోర్టు రేడియాలజిస్టు గారు ఇవ్వాలి. అద్దానికి అవతల వాళ్లిద్దరున్నారు, ఇవతల ఆ తెల్లటి మచ్చతో నేనొక్కదాన్నే. నూకరాజు గారి భయమేంటో అప్పుడు నాకు బాగా అర్థమైంది.

బయటికొచ్చాక ఆయన అన్నారు: “ఆ మోతలో ఒళ్లు ఎటు పోయిందో తెలీలేదమ్మా. పాదం ఒక్కటే తెలిసింది. పాదం ఉంది గాబట్టి నేనూ ఉన్నాననుకున్నాను.”

గడ్డ తీసేశారు. ఆయన మళ్లీ వేటకి వెళ్తున్నారు.

నేనున్నానన్న ఎరుక మనిషికి లోపల్నుంచే వస్తుందని అనుకునేదాన్ని. పక్కన ఇంకొకరు లేకపోతే అదీ చెదిరిపోతుందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ప్రతి ఒక్కరినీ తోడెవరొచ్చారని అడుగుతాను. ఎవరూ రానివాళ్లూ ఉంటారు. వాళ్ల పాదం నేను పట్టుకోలేను, నా చోటు అద్దానికి ఇవతల. అందుకే మోత ఆగినప్పుడల్లా మైకులో పేరు పెట్టి పిలుస్తాను. అటునుంచి “ఉన్నానమ్మా” అని వినిపించేదాకా నాకు ఊపిరాడదు.