మూడో పాల డబ్బా

ఏడవకుండా పడుకున్న పసిబిడ్డ కడుపు నిండి పడుకుందా, ఏడ్చే ఓపిక లేక పడుకుందా? ఉయ్యాల పక్కన నిలబడ్డ మనిషి దాన్ని ఎలా పోల్చుకోవాలి? ఎందరో పిల్లల్ని చూసిన కళ్లకు కూడా దీనికి జవాబు ఇప్పటికీ దొరకలేదు.

మల్కాజ్‌గిరిలో రైలు పట్టాలకు దగ్గరగా, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండే షెకీనాకు ఆ చలికాలమంతా ఈ ప్రశ్నతోనే గడిచింది. బేగంపేటలో ఒక బీమా ఆఫీసులో ఆమెది క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. కాగితంలో ఎక్కడ లొసుగు ఉందో కనిపెట్టడమే పని. అందువల్లనో ఏమో, అంతా సవ్యంగా ఉందని ఎవరైనా అంటే ఆమెకు ముందు అనుమానమే పుడుతుంది. సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగింది. తల్లి లేదు. చదువు కోసం ఇక్కడికి వచ్చి ఇక్కడి యాసే పట్టుకున్న భర్త రోనాల్డ్ ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. కూతురు క్యారల్ పుట్టాక రోనాల్డ్ తల్లి జ్ఞానమణి కాకినాడ నుంచి వచ్చి వీళ్లతోనే ఉండిపోయింది. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. చర్చిలో ఆవిడ పాట అందుకుంటే మైకు అక్కర్లేదు.

క్యారల్‌కు నాలుగో నెల నడుస్తుండగా షెకీనాకు డెంగ్యూ వచ్చింది. హాస్పిటల్లో పడుకుని లేచేసరికి పాలు తగ్గిపోయాయి. ఎన్ని తిన్నా, ఎన్ని తాగినా మునుపటిలా రాలేదు. పైగా సెలవు అయిపోవస్తోంది. పిల్లల డాక్టరు కల్పలత అంతా విని, "ఇగ డబ్బా పాలు షురూ చెయ్యమ్మా. ఆరు నెలల లోపు పిల్లలకు ఒకటో నంబరుది. ఏ కంపెనీదైనా దాదాపు ఒకటే. ఒకటి తీస్కొని దాని మీదనే ఉండు," అంది.

ఆ దాదాపు అన్న మాట దగ్గరే షెకీనా భయం మొదలైంది. అన్నీ ఒకటే అయితే ఇన్ని ఎందుకున్నాయి? ఒకదాని మీద మెదడు బొమ్మ ఉంటుంది, ఇంకోదాని మీద డొక్క నిమురుకుంటున్న ఏనుగు పిల్ల. ఫోనులో చదివింది. చదివినకొద్దీ, ఏ డబ్బా కొన్నా ఇంకో డబ్బాలో ఉన్నదేదో బిడ్డకు అందకుండా పోతుందనిపించింది.

రెజిమెంటల్ బజార్‌లో డాక్టరు క్లినిక్ పక్కనే విజయేందర్ మందుల షాపు. కౌంటరు ముందు నిలబడి డబ్బాలన్నీ ఒక్కొక్కటే దింపించింది.

"అన్నా, వీటిల ఏది మంచిది?"

"గది నన్నడగొద్దు మేడమ్. దగ్గు మందు అడుగు, చెప్త. సినిమా ఎట్లుంది అడుగు, చెప్త. పాల డబ్బా గురించి మేం గొప్పలు చెప్పొద్దని రూలుంది. డాక్టర్ మేడమ్ ఏది రాస్తే గదే."

"ఏదైనా పర్వాలేదన్నరు."

"అయితే ఏదైనా తీస్కోరి."

"మీ ఇంట్ల పసిపిల్ల ఉంటే ఏది తీస్కపోతరు?"

"మా ఇంట్ల పసిపిల్లలు బిర్యానీ మీద లెగ్ పీసు కోసం కొట్లాడుకుంటుర్రు," అని విజయేందర్ నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "జెర టెన్షన్ తగ్గించుకోరి మేడమ్. గిన్ని డబ్బాలు చూస్తే ఎవరికైనా పరేషానే."

ఆఫీసు స్నేహితురాలు చెప్పినదే కొన్నది. ఇంటికి వచ్చాక అసలు కష్టం తెలిసింది. తల్లి ఒళ్లో ఉంటే క్యారల్ సీసా పట్టలేదు. సీసా పీకను నాలుకతో తోసేసి, తల్లి గుండెకేసి ముఖం రుద్దుకుంటూ ఏడ్చింది. జ్ఞానమణి బిడ్డను తీసుకుంది.

"నీ వాసన తగిలితే అది సీసా ముట్టదమ్మాయ్. నువ్వు లోపలి గదిలోకెళ్లి తలుపేసుకో. నేను పడతాను. రేప్పొద్దున్న ఆఫీసుకెళ్తే ఎటూ నేనేగా పట్టాల్సింది."

అది నిజమే. అప్పటి నుంచి పాల వేళ అయితే షెకీనా గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. వంటింట్లో గిన్నె చప్పుడు, మూత తీసిన చప్పుడు, ఆ తరువాత అత్తగారి ప్రార్థన వినబడేవి. సీసా మీద చెయ్యి పెట్టి, ఈ పాలను ఆశీర్వదించమని అడిగి, ఆమేన్ అన్నాక గానీ ఆవిడ బిడ్డ నోటికి అందించేది కాదు. తలుపు వెనక షెకీనా కూడా కళ్లు మూసుకుని ఆమేన్ అనేది. నోట్లో పీక పడి ఏడుపు ఆగగానే ఆమె రొమ్ముల్లో మిగిలిన కాసిన్ని పాలు జివ్వుమని దిగేవి. ఎవరి కోసం దిగుతున్నాయో తెలియక, కొంగు అదిమిపెట్టుకుని కూర్చునేది.

మొదటి డబ్బాతో బిడ్డకు విరేచనం గట్టిపడింది. ముఖం ఎర్రబారేలా ముక్కుతుంటే చూడలేక షెకీనా డబ్బా మార్చింది. రెండో డబ్బాతో ఆ బాధ పోయింది. అంతేకాదు, క్యారల్ బుద్ధిమంతురాలైపోయింది. ఏడుపు లేదు, పేచీ లేదు. తాగుతుంది, పడుకుంటుంది.

"డబ్బా కుదిరిందే," అంది జ్ఞానమణి సంతోషంగా.

ఎదురింటి రాజ్యం వచ్చి ఉయ్యాలలోకి తొంగి చూసి, "మీ పాప గింత మంచిగ పంటది. మా మనుమడైతే బిల్డింగంత లేపుతడు. ఏం మందు పెడుతున్రో మాకు సుత జెర చెప్పున్రి," అని నవ్వింది.

అందరూ మెచ్చుకుంటున్నారు. షెకీనా మాత్రం బిడ్డ చేతినే చూస్తోంది. బిడ్డ ముంజేతికున్న నల్లపూసల దండ మునుపు చర్మాన్ని అంటుకుని ఉండేది. ఇప్పుడు మోచేతి దాకా జారుతోంది. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తిప్పుతోంది గానీ కాళ్లు ఆడించడం లేదు. పడుకున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. ఆడుతున్న ఊపిరి తగిలినా భయం తగ్గేది కాదు.

"రోనీ, పాప సన్నబడ్డది."

"నువ్వు ఆ ఫోన్ చూసుడు బంద్ చెయ్. పొద్దంత గదే చదువుతవ్, గదే కనబడ్తది."

"ఎత్తుకొని చూడు."

ఎత్తుకున్నాడు. బిడ్డ తల అతని భుజం మీద వాలిపోయింది. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టాడు.

కల్పలత బిడ్డను తూకం మీద పడుకోబెట్టి, అంకె చూసి, ఒకసారి దించి మళ్లీ పడుకోబెట్టింది. బరువు డెంగ్యూ నాటి అంకె దగ్గరే ఆగిపోయింది.

"పాలు ఎట్ల కలుపుతున్రు?"

"డబ్బా మీద ఉన్నట్టే మేడమ్. ముప్పై ఎంఎల్ నీళ్లకు ఒక చెంచా. కాచి చల్లార్చిన నీళ్లే."

"కలిపేది ఎవరు?"

"మా అత్తమ్మ. టీచర్‌గ చేసిన్రు," అంది షెకీనా, ఇక అడగాల్సింది లేదన్నట్టు.

డాక్టరు రక్తానికి, మూత్రానికి పరీక్షలు రాసింది. "రేపు పొద్దుగాల ఇచ్చిపోండి. ఏ మాత్రం తేడా కనబడినా వెంటనే తీస్కరండి. ఇంకో మాట, డబ్బా మార్చకండి."

బయటికి రాగానే షెకీనా తిన్నగా విజయేందర్ షాపుకు వెళ్లి మూడో డబ్బా కొన్నది. డాక్టరు మాట వినబడింది, అర్థమైంది కూడా. కానీ బిడ్డ కరిగిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎలా? తన చేతిలో ఉన్నది డబ్బా మార్చడం ఒక్కటే. రోనాల్డ్ వద్దనలేదు. అతనికీ వేరే దారి కనబడలేదు.

ఆ మధ్యాహ్నం కొత్త డబ్బా మూత తీస్తుంటే షెకీనా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కళ్లు మూసుకోలేదు. వింటూ కూర్చుంది. చెంచాతో పొడి తీసి, డబ్బా అంచుకు గీసి చదును చేసే చప్పుడు. ఒకటి. మళ్లీ ఒకటి. ఆ తరువాత సీసా గిలకొట్టిన చప్పుడు.

ఇది ఎప్పుడూ వింటున్న చప్పుడే. ఇన్నాళ్లూ చెవిన పడుతూనే ఉంది. నూట ఇరవై ఎంఎల్ పట్టే ఆ సీసాకు నాలుగు పడాలి.

ప్రార్థన మొదలైంది. షెకీనా తలుపు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అత్తగారు కళ్లు మూసుకుని సీసా మీద చెయ్యి పెట్టి ఉంది. ఆ వేళ్ల సందుల్లోంచి సీసాలో బియ్యం కడిగిన నీళ్ల లాంటిది కనబడింది.

"అత్తమ్మా."

జ్ఞానమణి కళ్లు తెరిచింది. "వెళ్లవే, అది నిన్ను చూస్తే..."

"ఎన్ని చెంచాలు వేసిన్రు?"

"రెండు."

"నాలుగు కదా వేయాల్సింది."

"నాకు చదవడం రాదా అమ్మాయ్? నాలుగని రాశారు. అంత చిక్కగా పడితే అరుగుతుందా? మొదట్లో చూశావుగా, ఎలా ముక్కిందో. సగానికి సగం నీళ్లు కలిపాకేగా సుఖంగా వెళ్తోంది. రోనాల్డ్‌కి గేదె పాలలో సగం నీళ్లు పోసే పట్టాను. మా ఇంట్లో అందరం అలా పెరిగిన వాళ్లమే."

రెండో డబ్బా గొప్పతనం అనుకున్నది అదా!

షెకీనాకు నోటి దాకా చాలా మాటలు వచ్చాయి. గట్టిగా అంటే ఈ మనిషి బ్యాగు సర్దుకుని కాకినాడ వెళ్లిపోతుంది. రేపు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? అనకపోతే? ఆ లెక్క ఆమె తలలో తెగకముందే హాల్లో ఉయ్యాలలో ఏదో కదిలింది.

క్యారల్ కుడి చెయ్యి కొట్టుకుంటోంది. ఆడుకుంటున్నట్టు కాదు. ఎవరో పట్టి లాగి వదులుతున్నట్టు. కళ్లు పైకప్పు మీద ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు.

"రోనీ!"

ఆటోలో జ్ఞానమణి ఒక పక్క, రోనాల్డ్ ఒక పక్క. మధ్యలో షెకీనా బిడ్డ చేతిని తన పిడికిట్లో పట్టుకుని, అది ఇంకోసారి కొట్టుకుంటుందేమోనని చూస్తూ కూర్చుంది. గేటు పడింది. గూడ్సు బండి వెళ్తూనే ఉంది, పెట్టె వెనక పెట్టె. రోనాల్డ్ ఆటో దిగి గేటు దాకా పరుగెత్తి, చేసేదేమీ లేక మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ గొంతెత్తి ప్రార్థించే జ్ఞానమణి ఆ వేళ పెదవి కదపలేదు.

కల్పలత చూడగానే పిల్లల హాస్పిటల్‌కు ఫోను చేసి, తను కూడా వెంట వచ్చింది. సూది గుచ్చినప్పుడు క్యారల్ ఏడ్చింది. సన్నని ఏడుపు. అది విని షెకీనా గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. బిడ్డ ఏడుస్తోంది, ఏడవగలుగుతోంది.

రక్తంలో ఉప్పు పడిపోయి ఫిట్స్ వచ్చాయని చెప్పారు. నీళ్లు ఎక్కువై, ఆహారం తక్కువై అలా జరుగుతుందట. కల్పలత అడిగింది: "పాలు పలుచగ కలుపుతున్రా?"

జ్ఞానమణి ముందుకొచ్చింది.

"నేనేనండీ కలిపింది. దీనికి తెలీదు. మా అబ్బాయికీ తెలీదు. నేనే." ఇంకేదో చెప్పబోయి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇట్ల చాలా ఇళ్లల్ల చేస్తరమ్మా," అంది డాక్టరు, మెత్తగానే. "గేదె పాల లెక్క వేరు, ఇది వేరు. దీంట్ల నీళ్లు ఎంత ఉండాలో వాళ్లే లెక్క కట్టి పెట్టిన్రు. మీరు ఇంకిన్ని పోస్తే బిడ్డకు అన్నం తగ్గినట్టే. టైముకు తీస్కొచ్చిన్రు."

బిడ్డ కోలుకుంది. బరువు మెల్లగా పెరిగింది. కొద్ది రోజులు ముక్కినా దానికదే సర్దుకుంటుందని డాక్టరు చెప్పాక, మొదటి డబ్బానే మళ్లీ తెచ్చుకున్నారు. ఏదైనా ఒకటేనని ఇప్పుడు షెకీనాకు నమ్మకం కుదిరింది. కుదరనిది వేరే ఉంది. జ్ఞానమణి సీసా ముట్టడం మానేసింది. ఉయ్యాల ఊపుతుంది, గుడ్డలు ఉతుకుతుంది. పాల వేళ అయితే బాల్కనీలోకి వెళ్లి పట్టాల వైపు చూస్తూ నిలబడుతుంది.

ఆఫీసులో సెలవు పొడిగించమని అడిగితే కుదరదన్నారు.

"అత్తమ్మా, మీరు పట్టకపోతే నేను ఆఫీసుకు ఎట్ల పోవాలె?"

"ఎవరినైనా ఆయాని పెట్టుకో. నా చేతులు మంచివి కావు."

"బయటి మనిషి ఎన్ని చెంచాలు వేస్తదో నేనెట్ల చూడాలె? మీరు తప్పు చేసి ఒప్పుకున్నరు. వాళ్లు ఒప్పుకుంటరా?"

జ్ఞానమణి కోడలి వైపు తేరిపార చూసింది. "నీకు భయం లేదా నా మీద?"

"ఉంది," అంది షెకీనా.

ఆ మాటకు ఆవిడ నొచ్చుకోలేదు. ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి లేచి వంటింట్లోకి నడిచింది. "అయితే పక్కన నిలబడు. నువ్వు చూస్తుంటేనే కలుపుతాను."

అలాగే కలిపింది. ప్రతి చెంచాకూ పైకి లెక్క చెప్పింది, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు. సీసా వెలుతురుకు పట్టి చూపించి, కోడలు తల ఊపాకే మూత బిగించింది. ఆఫీసులో మళ్లీ చేరే రోజు వచ్చేదాకా ప్రతి పాల వేళా అదే తంతు. మధ్యలో ఒకసారి షెకీనా స్నానంలో ఉంటే, బిడ్డ ఏడుస్తున్నా ఆవిడ చెంచా ముట్టకుండా తలుపు కొడుతూ నిలబడింది.

ఆ ఉదయం రోనాల్డ్ ముందే వెళ్లిపోయాడు. షెకీనా చీర కట్టుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుంది. సికింద్రాబాద్ దాకా లోకల్ రైలు, అక్కడి నుంచి మెట్రో. లోకల్ తప్పితే మొదటి రోజే ఆలస్యం. హాల్లో క్యారల్ చాప మీద బోర్లా పడి, తల నిలబెట్టి గోడను చూస్తోంది. తల్లి కనబడితే చేతులు చాస్తుంది. షెకీనా చాప చుట్టూ తిరిగి వెనక నుంచి గుమ్మం దగ్గరికి చేరింది.

వంటింట్లో నుంచి పిలుపు వచ్చింది.

"షెకీనా! నీళ్లు పోశాను. వచ్చి ఒకసారి చూడవే."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఇప్పుడు వెళ్లి చూస్తే ఈ ఒక్క సీసా చూసినట్టు. దాని తరువాతి సీసా ఎవరు చూస్తారు? రెండు అడుగులు వేస్తే వంటిల్లు. ఆ రెండు అడుగులూ వేస్తే ఇక ఈ వేళ గడప దాటలేనని ఆమెకు తెలుసు.

"షెకీనా? ఉన్నావా?"

షెకీనా చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు లాగి, మెట్లు దిగింది.