బాపు బాయి దిగిన పేరు

గని పనివాళ్ళకు కంపెనీ కట్టించిన మా ఇళ్ళ లైన్లలో ఆడవాళ్ళెవరూ మొగుడి పేరు నోటితో చెప్పేవాళ్ళు కాదు. దవాఖానలో కంపౌండరు "మీ ఇంటాయన పేరేందమ్మా" అని అడిగితే పక్కనున్న ఆమె వైపు చూసేవాళ్ళు. ఆమె చెప్పేది. పక్కన ఎవరూ లేకపోతే "గా గుట్టమీది దేవుని పేరే" అని నాలుక కరుచుకునేవాళ్ళు. మన జిల్లాల్లో గుట్టమీద లేని దేవుడు ఎవరు? పాపం కంపౌండరు ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోవాలి. అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మా అవ్వకు మాత్రం ఆ పట్టింపే లేదు. బాపు చనిపోకముందూ, తర్వాతా కూడా, ఆఫీసులో అయినా నల్లా దగ్గర అయినా ఎవరడిగినా ఆ పేరు టక్కున చెప్పేసేది. ఒకసారి పక్కింటామె నా ముందే, "పెనిమిటి పేరు గట్ల అంటరానె? పాపం తగుల్తది" అన్నది. అవ్వ కడవ ఎత్తుకుని వచ్చేసింది. నాకు భలే గర్వంగా ఉండేది. మా అవ్వంత ధైర్యం ఎవరికీ లేదనుకునేదాన్ని.

బాపు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. వాటిలో ఏవి నిజంగా చూశానో, ఏవి నిద్రలో చూశానో ఇప్పుడు చెప్పలేను. గోదావరికి ఈవల, ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గు గనుల పక్కన మా ఊరు. గనిని మావాళ్ళు బాయి అనే అంటారు. చలికాలం పొద్దున అన్ని ఇళ్ళ ముందూ బొగ్గు కుంపట్లు రాజేస్తే, ఆ పొగ మంచుతో కలిసిపోయి ఎదురింటి తలుపు కూడా కనపడేది కాదు. అందులోంచి రాత్రి పని దిగిన బాపు వచ్చేవాడు. ముందు దగ్గు వినపడేది. తర్వాత రెండు కళ్ళు కనపడేవి. మిగతా మనిషంతా నలుపే. అవ్వ వేడినీళ్ళు పోస్తుంటే బాపు కొంచెం కొంచెంగా బయటికి వచ్చేవాడు, ముందు నుదురు, తర్వాత ముక్కు, అన్నిటికంటే చివర చెవులు. మొత్తం వచ్చాక చేతులు చాపి, "ఇకడె యే, పోరీ" అనేవాడు, ఇటు రమ్మని. అది మరాఠీ అని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. అప్పటిదాకా బాపుకు మాత్రమే వచ్చిన భాష అనుకున్నాను.

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన కొన్నేళ్ళకు, ఒక మధ్యాహ్నం వేళ కాని వేళ సైరన్ కూసింది. బాయి లోపల కప్పు కూలింది. అవ్వ నన్ను పక్కింటామె చేతుల్లో పెట్టి పరుగెత్తింది. నాకు గుర్తున్నది పొయ్యి మీద బాపు స్నానానికి పెట్టిన నీళ్ళు. పక్కింటామె కూడా వాటిని మరిచిపోయింది. సాయంత్రం దాకా అవి మరుగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత గుర్తున్నది ధర్మపురి. బాపు అస్థికలతో లారీలో కొంత దూరం, పడవలో కొంత దూరం పోయాం. అవ్వ, నేను, బాపుతో పనిచేసినవాళ్ళు, వాళ్ళ జట్టుకు పెద్ద అయిన సర్దారు. అమ్మమ్మ ఇంటి నుంచి ఎవరూ రాలేదు, మామ కూడా రాలేదు. కొడుకు లేడు కనుక సర్దారే పిండం పెట్టాడు. అయ్యగారు పేరు అడిగితే చెప్పిందీ ఆయనే. అవ్వ ఏదో అనబోయి నోరు తెరిచింది. మూసుకుంది. మళ్ళీ తెరిచింది. దాహమవుతున్నదేమో అనుకుని గోదావరి నీళ్ళు దోసిట్లో పట్టుకుని ఇసకలో నడిచిపోయాను. అవ్వ దగ్గరికి చేరేసరికి చేతులు తడిగా మాత్రమే ఉన్నాయి.

కంపెనీ అవ్వకు ఊడ్చే పని ఇచ్చింది, ఇల్లు మాకే ఉంచింది. బతుకమ్మ పండుగకు ప్రతి ఇంటికీ అన్నో తమ్ముడో వచ్చి ఆడబిడ్డను పుట్టింటికి తోలుకపోయేవాడు. మా గడప ఎవరూ తొక్కలేదు. "మామకు మన మీద కోపమా?" అని అడిగితే అవ్వ, "పని మీద ఉంటడు" అనేది. ఆయన మీద నాకు పీకల దాకా కోపం ఉండేది. అక్క విధవైతే కనీసం తొంగిచూడని తమ్ముడు తమ్ముడేనా అని.

నేను చదువుకుని ఆ ఊళ్ళోనే బడి పంతులమ్మనయ్యాను. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి చాలా ఏళ్ళయింది. బాపు దిగిన బాయిలో బొగ్గు అయిపోయి దాన్ని మూసేశారు. లోపలంతా నీళ్ళు నిండాయని చెప్పుకునేవాళ్ళు. బడి అయ్యాక అటు నడిచిపోయి కూర్చుంటే ఆ నీళ్ళ కింద దీపాలు ఇంకా తిరుగుతున్నట్టే అనిపించేది. ఆ బాయిలో తండ్రుల్ని, అన్నల్ని పోగొట్టుకున్నవాళ్ళం కలిసి దాని మొగదల ఒక రాయి నిలబెట్టాలనుకున్నాం. ఒట్టి పేరు చాలదు, ఏ ఊరివాడో, ఎవరి కొడుకో కూడా చెక్కించాలి అన్నది నేనే. అన్నందుకు ఇల్లిల్లూ తిరిగి అడిగే పని నా మెడకే చుట్టారు.

అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పరు. మామగారి పేరు అడిగితే ఒకామె, తన మొగుడు అంబలిలో ఉల్లిగడ్డ ఎట్లా నంజుకునేవాడో చెప్పింది. ఇంకొకామెకు అత్తవారి ఊరి పేరు తెలియదు గాని, అక్కడి బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆయన అనేవాడట. నాకు విసుగు రాలేదు. ఆ ఇళ్ళలో కూర్చుంటే పోయినవాళ్ళు లోపలి అర్రలో పడుకుని ఉన్నట్టే ఉండేది. వాళ్ళు లేస్తారేమో అన్నట్టు మేం మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం. విసుగంతా మా ఇంట్లోనే వచ్చింది.

"బాపుది ఏ ఊరే?" అని అడిగాను.

"ఆదిలాబాద్ దిక్కు. పత్తి మిల్లుల పనిచేసెటోడు. చిన్నప్పుడే అవ్వ, బాపు గత్తర రోగంల పోయిండ్రు. ఎవ్వలు లేరని మా ఇంటికి ఇల్లుటపు అల్లునిగ వచ్చిండు."

"తాత పేరు?"

"నాకెర్క లేదు."

"మామకు తెలుసా?"

బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అవ్వ చెయ్యి ఆగింది. "గాయన జోలి నీకెందుకు? ఆడికి పోవద్దు" అన్నది.

పోవద్దంటే పోయే రకాన్ని నేను. సెలవు చూసుకుని అమ్మమ్మ ఊరికి రైలెక్కాను. గోదావరి వంతెన దాటి పెద్దపల్లిలో దిగి, సుల్తానాబాద్ దాకా బస్సులో పోయి, అక్కణ్ణుంచి పొలాల గట్ల మీద నడిచాను. నాట్లు పడిన రోజులు. సన్నటి వాన అప్పుడే వెలిసింది. మళ్ళలో నిలిచిన నీళ్ళ నిండా ఆకాశమే ఉంది. పైనా మబ్బులే, కిందా మబ్బులే, కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియకుండా నడుస్తున్నాను. అంతలో దూరంగా ఒక ముసలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరినో గట్టిగా పిలిచాడు. అది మా బాపు పేరు. ఇంటిపేరుతో సహా.

మడిలో వంగి ఒడ్డు చెక్కుతున్న మనిషి నడుము ఎత్తి, "ఆఁ, వస్తున్న" అని పలికాడు.

ఒక్క క్షణం బాపే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, అయినా అనుకున్నాను. చెప్పులు బురదలో వదిలేసి అటు పరుగెత్తాను. దగ్గరికి పోయి చూస్తే మగవాడి మెడ మీద మా అవ్వ ముఖం. మా మామ.

ఆయన నన్ను చూడగానే పోల్చుకున్నాడు. "ఆ పేరు నీదా?" అని అడిగాను, మంచీ చెడ్డా ఏమీ అడగకుండానే. మామ కాలువలో చేతులు కడుక్కుని, నన్ను గట్టు మీద కూర్చోబెట్టాడు.

"నాదే బిడ్డా. పుట్టిన్నాడు పెట్టిన పేరు. బాయి పని ముందుగాల నాకు దొరికింది. అప్పటి సర్దారు నా పేరు రాయించి హాజరు బిళ్ళ ఇప్పిచ్చిండు. ఒక్కనాడు దిగిన. లోపల కప్పు పటపటమన్నది. ఏం గాదు, కప్పు మాట్లాడుతుంది అన్నరు. నా పానం పోయినంత పనైంది. దీపం ఆడ్నే పారేసి ఉరికొచ్చిన. మల్ల దిగనంటె దిగనన్న. గప్పుడు మీ బాపు, 'పేరు నీది, పని నాది, ఏమైతది బామ్మర్ది' అని నా బిళ్ళ పట్టుకొని పోయిండు. నన్ను రాయించిన సర్దారు జల్దిన్నే వేరే బాయికి పోయిండు. తర్వాత వచ్చినాయనకు, జట్టోళ్ళకు, మీ బాపు అంటే నా పేరే."

అట్లా దిగినవాళ్ళు ఆ రోజుల్లో చాలామందే ఉండేవాళ్ళు. పనికి మనుషులు కావాలి. ఎవరి పేరు మీద ఎవరు దిగారో తరచి అడిగేవాళ్ళు లేరు.

"బావ పోయినంక కంపెనీ దొరలు అడిగిండ్రు, సచ్చిపోయినోని పెండ్లమెవరని" అన్నాడు మామ. "అక్క నేనే అన్నది. వేలిముద్ర ఏసింది. సొంత తమ్ముని పేరుకు పెండ్లాన్నని ఏసింది బిడ్డా! ఏం జేస్తది? ఎయ్యకుంటె ఇల్లు లేదు, పని లేదు, నిన్నేం పెట్టి సాదాలె? గాన్నుంచి నన్ను రావద్దన్నది. ఎవలన్న నీ పేరేందంటె నేనేం చెప్పాలె? బతుకమ్మ పండుగొస్తె బండి గట్టెటోన్ని. కట్టి, మల్ల ఎడ్లను విప్పెటోన్ని."

అప్పుడు నాకు తెలిసింది, మా అవ్వ అంత తేలిగ్గా పలికేది మొగుడి పేరు కాదు, తమ్ముడి పేరు. అసలు మొగుడి పేరు ఆమె ఏనాడూ ఎవరి ముందూ అనలేదు. నేను గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన మీద ఇన్నాళ్ళూ దాచుకున్న కోపం ఎటుపోయిందో తెలియదు.

"బాపు పేరేంది మామా?"

చుట్టూ ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసి, మెల్లగా చెప్పాడు. "గీ పేరు తెలిసినోళ్ళం నేను, అక్క, ఇద్దరమే మిగిలినం. నేను బతికుండంగనే నా పేరు మీద గోదాట్ల పిండం గలిపిండ్రు, నాకు గా ఫికర్ లేదు. బావకే ఎవ్వలు పెట్టలే."

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ పేరు పెదవులతో అనుకుంటూ వచ్చాను. ఉతకని కొత్త బట్టలా బిరుసుగా ఉంది. పొగలోంచి వచ్చే ఆ రెండు కళ్ళకు ఎంత తొడిగినా సరిగ్గా కూర్చోలేదు. వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు కింద నీళ్ళు ఎటు పారుతున్నాయో కూడా నాకు తెలియలేదు.

అవ్వ నా ముఖం చూసే గ్రహించింది. పొయ్యి ముందు కూర్చుని, నన్ను చూడకుండా చెప్పింది. "ధర్మపురిల అయ్యగారు అడిగినప్పుడు నాలుక మీదికి వచ్చింది. పెనిమిటి పేరు నోటితోని ఎట్లంటరని ఒక భయం. అంటె నీకు బువ్వ ఉండదని ఒక భయం. మింగిన."

"ఇప్పుడు చెప్పు. రాయి మీద చెక్కిస్తా."

"వద్దు. ఇల్లు గుంజుకుంటరు. పని పోతది."

"నా జీతం ఉన్నది కద?"

"నీకు జీతమున్నది. నాకు లైన్లల్ల మొఖముండాలె కద? తమ్ముని పెండ్లమని వేలిముద్ర ఏసిందని నవ్వుతరు. గదే పేరు ఉండనియ్."

ఎంత పోట్లాడినా వినలేదు. ఆమెను కాదని చెక్కించే హక్కు నాకు లేదు. మేస్త్రికి మామ పేరే చెప్పాను. చెప్పి, ఉలి చప్పుడు వినలేక అక్కణ్ణుంచి వచ్చేశాను. మనసు ఊరుకోక మామకు మాత్రం రమ్మని కబురు పంపాను. రాయి నిలబెట్టే వారంలో అవ్వ ఇంట్లో గిన్నెలు, చెద్దర్లు, బట్టలు మూటలు కట్టడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే, దులుపుతున్న అన్నది. నాకు ఏమీ తట్టలేదు.

ఆదివారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. రాయి చుట్టూ చేరినవాళ్ళు నడుముల దాకే కనపడుతున్నారు. మామ వచ్చాడు. తువ్వాల తల మీంచి కప్పుకుని అందరి వెనక నిలబడ్డాడు. పని మొదలయ్యే ముందు బాయి మొగదల సర్దారు ఒక్కొక్క పేరే పిలవడం, పిలిచినవాడు "ఉన్న" అని పలికి దిగడం మావాళ్ళ అలవాటు. ఆ రోజు కూడా అట్లాగే పిలవాలని, పోయినవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు "ఉన్నం" అని పలికి బంతిపూలు పెట్టాలని అనుకున్నాం. పిలవడానికి బాపు సర్దారే వచ్చాడు. బొగ్గు పేల్చే తూటాల చప్పుళ్ళకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి, గొంతు మాత్రం పోలేదు.

సర్దారు మామ పేరు పిలిచాడు. నేను పలకబోయాను. అవ్వ నన్ను తోసుకుని ముందుకు పోయింది.

"గా పేరుగల్లోడు సావలే. వాడు నా తమ్ముడు. అగో, ఆడ నిలబడ్డడు. సచ్చిపోయింది నా పెనిమిటి."

మామ తువ్వాల తీశాడు. అందరూ అటు తిరిగారు. ఆ మూటలు ఎందుకు కట్టిందో అప్పుడు నాకు అర్థమైంది. అవ్వ తల దించుకుని, బాపు పేరు చెప్పింది. నాకే సరిగ్గా వినపడలేదు.

సర్దారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందమ్మా? జర గట్టిగ చెప్పు."

నవ్వాలంటే నవ్వొచ్చు. ఎవరూ నవ్వలేదు. అవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, అరిచినట్టే చెప్పింది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆఫీసు నుంచి ఎవరూ వచ్చి ఏమీ అడగలేదు. అయినా అవ్వ చాలా రోజులు మూటలు విప్పలేదు. లైన్లలో కొన్నాళ్ళు చెప్పుకున్నారు, తర్వాత మానేశారు. మేస్త్రి మామ పేరు చెక్కి తీసేసి బాపు పేరు పెట్టాడు, ఆ వరుస కొంచెం పల్లంగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన బతుకమ్మకు మామ వచ్చి అవ్వను తోలుకపోయాడు.

ఆ పొద్దున మాత్రం ఎవరూ కదలలేదు. సర్దారు నీళ్ళు నిండిన బాయి వైపు తిరిగి, పనిలోకి పిలిచినట్టే బాపు పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. పుట్టినప్పటి నుంచి ఇంకో పేరుకు బిడ్డగా పలికినదాన్ని. ఆ ఇంటివాళ్ళు ఎవరో పలుకుతారని నేను కూడా అందరిలాగే ఎదురుచూస్తూ నిలబడ్డాను. అవ్వ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఉన్నం" అన్నాను.