అద్దాల పెట్టెలో బెల్‌బాటమ్ కుర్రాడు

గాజువాక మెయిన్‌రోడ్డులో ఒక టైలరుండేవాడు. ఆయన కుట్టిన బెల్‌బాటమ్ తొడుక్కుని ఎవడైనా కొట్టు మెట్లు దిగాడంటే, ఎదురుగా నా స్టూడియో ముందు కెమెరాతో నేను రెడీ. వెనక సిటీబస్సు పోతుంటే, నడిచే మనిషిని నడుస్తున్నట్టే తీసేవాణ్ణి. స్టూడియో పరదా ముందు కొయ్యబొమ్మల్లా నిలబెట్టడమంటే నాకు ఒళ్లుమంట. బాగా వచ్చిన ఫొటోలు టైలరు కొట్టు ముందు అద్దాల పెట్టెలోకెక్కేవి. డెబ్బైల చివర ఆ పెట్టెలోకి ఎక్కడమంటే, అబ్బో, ఏం సంబరం! ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

నాకు కెమెరా కన్నా పెన్సిల్ మీద పొగరెక్కువ. నెగెటివ్ మీద సన్నగా చుక్కలు పెట్టుకుంటూ పోతే మొహం మీది మచ్చలు ఫొటోలో మాయమైపోతాయి. అడిగినా అడక్కపోయినా దిద్దేసేవాణ్ణి.

పోర్టులో కలాసీగా చేరిన ఒక కుర్రాడు కొత్త ప్యాంటుతో వచ్చాడు. మొహం నిండా అమ్మవారి మచ్చలు.

"బావా, మచ్చలు కనపడకుండా తీత్తావేటి?"

"నీకెందుకురా, నువ్వు నడు!"

ఏం నడిచాడండీ! ఫొటో పెట్టెలో పెట్టాక రోజూ బస్సు దిగి, చూసుకుని మరీ ఇంటికెళ్లేవాడు. నెల తిరక్కుండా లారీ గుద్ది పోయాడు.

దినాలయ్యాక వాళ్లమ్మ నా స్టూడియోకి వచ్చింది. ఇంట్లో కొడుకు ఫొటో ఒక్కటీ లేదట. అదే నెగెటివ్ నుంచి పెద్దది చేసి ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"ఎవులు బాబూ ఈడు?"

"నీ కొడుకేనమ్మా."

"అమ్మోరి మచ్చలేవి?"

"నేనే తీసేశాను," అన్నాను గొప్పగా. ఎంత బుద్ధిలేనివాణ్ణి!

"అయిదేళ్లప్పుడు అమ్మోరు పోత్తే బతకడన్నారు. ఏపాకుల మీద పడుకోబెట్టి, కునుకు లేకుండా కాసుకున్నాను. ఆ మచ్చలు సూసినప్పుడల్లా నా కొడుకు బతికాడనుకునీదాన్ని. తీసీడానికి నువ్వెవులు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, టర్పెంటైన్‌లో దూది ముంచి నెగెటివ్ మీది నా చుక్కలన్నీ తుడిచేశాను. మళ్లీ ప్రింటు వేసి, ఆరీ ఆరకుండానే చేతికిచ్చాను. ముక్కు పక్కన, గెడ్డం మీద ఒక్కొక్క మచ్చా వేలితో తడిమింది.

"ఈడు. ఈడే నా కొడుకు," అని భోరుమంది. నాకూ ఏడుపు ఆగలేదు.

అద్దాల పెట్టెలో ఉన్న ఆ నున్నటి ఫొటో కూడా చింపి పారేద్దామని టైలరు దగ్గర తాళం తెచ్చి తెరిచాను. ఆవిడ పక్కకొచ్చి నిలబడింది.

"ఇది ఆడు సూసాడా?"

"రోజూ చూసేవాడమ్మా. మచ్చలు కనపడకూడదన్నదీ వాడే."

నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఉంచియ్ బాబూ. ఆడికి నచ్చినోడు అక్కడే ఉండనీ. నాకు నాను పెంచినోడు సాలు."